ఒంటి గొంతులో మతిచలనం: నవ్వించకుండా పాడేదెట్లా?

గుత్తిరోడ్డు గాయని | అనంతపురం | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పిస్తాను. ఈ ఏడాది ఒక ఏకపాత్ర సంగీత రూపకం కట్టుకుంటున్నాను. నిడివి ఇరవై ఐదు నిమిషాలు. వేదిక మీద నేనొక్కదాన్నే, పక్కన ఒక హార్మోనియం. పాత్ర ఒక రైతు భార్య. వరుసగా పంటలు పోయి, అప్పు తీర్చలేక, ఆమె మతి చెదురుతుంది. కథ ఇంతే. మిగిలినదంతా గొంతుతోనే చెప్పాలి.

మొన్న మా ఇంట్లో నలుగురైదుగురిని కూర్చోబెట్టి పాడి చూపించాను. జుట్టు విరబోసుకున్నాను. ఒకచోట ఉన్నట్టుండి పెద్దగా నవ్వి, ఆ నవ్వును తారస్థాయికి తీసుకెళ్ళాను. చూస్తున్నవాళ్ళూ నవ్వారు. పాట అయ్యాక ఒకాయన, మంచి మనసుతోనే, "భలే పిచ్చిదానిలా చేశావమ్మా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చేసింది ఆమె బాధను కాదు. చిన్నప్పుడు వీధిలో పిల్లలం వెంటపడి ఏడిపించిన మనిషిని అనుకరించాను, అంతే.

పాశ్చాత్య సంగీతంలో ఒక్క గొంతు కోసం ఇలాంటి రూపకాలు చాలా వచ్చాయని విన్నాను. మన నాటకంలో ఏముంది? గొంతుతో పిచ్చిని ఎలా చూపిస్తారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

తాడిపత్రి టు బెంగళూరు | శనివారం, రాత్రి 11:15

అక్కా, నువ్వు అడిగినదానికి సరిగ్గా సరిపోయే రచన ఒకటుంది. పదేళ్ళుగా వింటున్నాను, ఇంకా నాకు పూర్తిగా కొరుకుడు పడలేదు. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టు.

పీటర్ మాక్స్‌వెల్ డేవిస్ అనే ఇంగ్లండ్ స్వరకర్త రాసిన "ఎయిట్ సాంగ్స్ ఫర్ ఎ మ్యాడ్ కింగ్". 1969 ఏప్రిల్ 22న లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్‌లో మొదటిసారి ఆడారు. రాజు ఎవరంటే మూడో జార్జ్, అమెరికాను పోగొట్టుకున్న రాజు. 1788లో ఆయనకు మతి తప్పింది, మళ్ళీ కుదుటపడింది, 1811 తర్వాత పూర్తిగా పోయింది. ఆయన దగ్గర ఒక చిన్న యాంత్రిక ఆర్గాన్ ఉండేది, దానికి ఎనిమిది పాటలు వచ్చేవి. పంజరంలో పెట్టిన బుల్‌ఫించ్ పిట్టలకు ఆ పాటలు నేర్పించాలని ఆయన కూర్చునేవాడు. ఆ ఆర్గాన్‌ను చూశాక ఆస్ట్రేలియా రచయిత రాండాల్ఫ్ స్టో ఎనిమిది కవితలు రాశాడు. అందులో చాలా మాటలు రాజు నిజంగా అన్నవే.

వేదిక మీద ఒక గాయకుడు, ఆరుగురు వాద్యకారులు. ఫ్లూటు, క్లారినెట్, వయొలిన్, చెల్లో వాయించేవాళ్ళు పంజరాల్లో కూర్చుంటారు, వాళ్ళే రాజుగారి పిట్టలు. తాళవాద్యకారుడు కాపలావాడు. మూడో పాటకు డేవిస్ స్వరలిపినే పంజరం బొమ్మలా రాశాడు, అడ్డగీతలూ నిలువుగీతలూ పంజరం కమ్మీల్లా ఉంటాయి. ఏడో పాటలో రాజు పంజరం సందులోంచి వయొలిన్ లాక్కుని విరగ్గొడతాడు. ఎనిమిదో పాటలో తన చావు తానే ప్రకటించుకుంటాడు. చివర కాపలావాడు కొరడా దెబ్బలతో తరుముతుంటే అరుచుకుంటూ వెళ్ళిపోతాడు. అంతా కలిపి అరగంట.

ఇక గొంతు. మొదట పాడినవాడు రాయ్ హార్ట్. దక్షిణాఫ్రికాలో పుట్టాడు. ఆయన గురువు ఆల్ఫ్రెడ్ వోల్ఫ్‌సోన్ మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో ఉన్నాడు. చచ్చిపోతున్న సైనికుల కేకలు ఆయన చెవుల్లోంచి ఏళ్ళ తరబడి పోలేదు. ఆ కేకల్ని తన గొంతులోంచే బయటికి తేవాలని మొదలుపెట్టి, మనిషి గొంతు ఎంత దూరం పోగలదో వెతుక్కుంటూ వెళ్ళాడు. రాయ్ హార్ట్ గొంతు ఐదు స్థాయిలకు పైగా పలికేది. ఒకేసారి రెండు మూడు స్వరాలు కలిపి పలికించేవాడు. డేవిస్ ఆ గొంతును చూసే ఈ రచన చేశాడు. కీచుమనడం, గురగురలాడడం, గుసగుస, ఏడుపు, రాజదర్బారు గాంభీర్యం, అన్నీ స్వరలిపిలోనే ఉంటాయి.

మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాననే చెప్పాలి. ఇరవై నిమిషాలు గడిచేసరికి నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అప్పుడు అర్థం కాలేదు.

కాటిసీను అభిమాని | ఆదోని | ఆదివారం, ఉదయం 7:05

తమ్ముడూ, నువ్వు చెప్పింది చదివి వెతుక్కుని విన్నాను. ఐదు నిమిషాల పైన వినలేకపోయాను. గొంతు చించుకుంటే సంగీతమవుతుందా?

నేను నలభై ఏళ్ళుగా పద్యనాటకాలు చూస్తున్నాను. హరిశ్చంద్రుడు కాటిలో నిలబడి, కొడుకు శవం ఎదురుగా ఉంటే, పద్యం ఎత్తుకుంటాడు. అంత దుఃఖంలోనూ శ్రుతి తప్పడు. ఆ తప్పకపోవడమే మనల్ని ఏడిపించేది. గొంతు పగిలిపోతే ప్రేక్షకుడికి ఏం మిగులుతుంది? ఈ గడ్డ మీద ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు పుట్టారు, విషాదాంత నాటకం రాసి తెలుగువాళ్ళ చేత ఒప్పించారు. మన దగ్గర లేనిదేదో బయట ఉందనుకోవడం నాకు నచ్చలేదమ్మా. కోపం కాదు, బాధ.

తాడిపత్రి టు బెంగళూరు | ఆదివారం, ఉదయం 8:30

అన్నా, మీ మాట కాదనను. కానీ హరిశ్చంద్రుడు మతి తప్పడు కదా. తప్పకుండా నిలబడడమే ఆయన కథ. అక్క చెప్పే మనిషికి ఆ నిలకడే పోయింది. నిలకడ పోయిన మనిషిని నిలకడైన పద్యంతో చూపిస్తే అబద్ధం కాదా?

ఇంకొకటి. మా ఊరివాడే కదా నటుడు బళ్ళారి రాఘవ, 1880లో తాడిపత్రిలోనే పుట్టాడు. నాటకమంటే రాగాలు తీయడమే అనుకునే రోజుల్లో రాగాన్ని తగ్గించి మాటకూ ముఖానికీ విలువిచ్చాడు. పద్యం కట్టు తెంచడం బయటినుంచి వచ్చిన పని కాదు, మన దగ్గరా పెద్దవాళ్ళు చేశారు.

ఆకాశభాషితం | ప్రొద్దుటూరు | ఆదివారం, ఉదయం 11:50

సంస్కృతం చెప్పి రిటైరైనవాణ్ణి. గాయని గారి ప్రశ్న నన్ను నిన్నటి నుంచి పట్టుకుంది.

నాట్యశాస్త్రంలో ముప్పై మూడు వ్యభిచారి భావాలు, అంటే వచ్చిపోయే భావాలు, ఉన్నాయి. అందులో ఉన్మాదం ఒకటి. భరతుడు కారణాలు చెప్పాడు: ఇష్టమైనవాళ్ళు దూరమవడం, ఆస్తి పోవడం, దెబ్బ తగలడం, వాత పిత్త కఫాలు చెడడం. మీ రైతు భార్య ఆ రెండో కారణంలో ఉంది చూశారా. తర్వాత ఎలా అభినయించాలో చెప్పాడు: కారణం లేకుండా నవ్వడం, ఏడవడం, అరవడం, పొంతన లేని మాటలు, కూర్చోవడం, లేవడం, పరుగెత్తడం, ఆడడం, పాడడం, ఒంటికి బూడిదా దుమ్మూ పూసుకోవడం, గడ్డీ వాడిన పూలూ చింపిరి గుడ్డలూ కుండపెంకులూ అలంకారంగా వేసుకోవడం. మీరు మొన్న చేసింది ఈ పట్టికలో మొదటి అంశం. శాస్త్రం తప్పు కాదు. కానీ శాస్త్రం చెప్పింది బయటికి కనిపించే గుర్తుల్ని. ఆ గుర్తుల వెనక మనిషిని ఎక్కడ పెట్టాలో కాళిదాసు చూపించాడు.

విక్రమోర్వశీయం నాలుగో అంకం చదవండి. ప్రియురాలు ఊర్వశి కనపడక పురూరవ మహారాజు అడవిలో తిరుగుతాడు. దాదాపు అంకమంతా ఒక్కడే. నెమలిని అడుగుతాడు, కోకిలను అడుగుతాడు, హంసను పట్టుకుని "ఆమె నడక నీకెక్కడిది, దొంగిలించావు, ఆమెను తిరిగివ్వు" అంటాడు. చక్రవాకాన్నీ తుమ్మెదనూ ఏనుగునూ అడుగుతాడు. నాకు అన్నిటికన్నా గుండె పట్టేసే చోటు మొదట్లోనే ఉంది. ఆకాశం వైపు చూసి ఆమెను ఎత్తుకుపోతున్న రాక్షసుడని అరుస్తాడు. మరుక్షణం తనే దిద్దుకుంటాడు. కాదు, ఇది మేఘం. అది విల్లు కాదు, ఇంద్రధనుస్సు. అవి బాణాలు కావు, వాన. అది ఊర్వశి కాదు, మెరుపు. తనకు మతి తప్పుతోందని తనకే తెలిసే ఆ క్షణం కన్నా భయంకరమైనది నాకు కనపడలేదు.

ఇంకాస్త ముందుకు పోతే కొండను అడుగుతాడు, ఆమెను చూశావా అని. కొండలోంచి అతని వాక్యమే తిరిగొస్తుంది. శ్లోకం ఎలా కట్టాడంటే, అతను అన్నప్పుడు అది ప్రశ్న, కొండ అన్నప్పుడు అవే మాటలు జవాబు. చూశానని కొండ చెప్పిందనుకుని సంబరపడతాడు. తర్వాత తెలుస్తుంది అది తన గొంతేనని. ఒంటి గొంతు రూపకానికి ఇంతకంటే గొప్ప ఘట్టం ఏ భాషలో ఉంటుంది చెప్పండి.

బెంగళూరు అబ్బాయి చెప్పిన రాజు కూడా పిట్టలతోనే మాట్లాడుతున్నాడు. ఇద్దరు రాజులు, ఇద్దరూ పిట్టల్ని జవాబు అడుగుతున్నారు. మీ నవ్వు ఆగడానికి కారణం అదేనేమో నాయనా.

తాడిపత్రి టు బెంగళూరు | ఆదివారం, మధ్యాహ్నం 12:20

సార్, నమస్కారం. అదే. సరిగ్గా అదే. మూడో పాటలో ఆయన పంజరంలో ఉన్న ఫ్లూటుతో మాట్లాడతాడు, దాన్ని ఎవరో రాణివాసపు అమ్మాయి అనుకుని. నాలుగో పాటలో చెల్లో థేమ్స్ నది అవుతుంది, ఆయన దాని మీద పడవలో పోతుంటాడు. నేను ఇన్నాళ్ళూ గొంతు విన్యాసాలే విన్నాను. ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడో వినలేదు.

రాత్రి డ్యూటీ | కడప | ఆదివారం, సాయంత్రం 4:10

నేను మానసిక వైద్య వార్డులో నర్సుగా చేశాను. సంగీతం తెలియదు. కానీ గొంతులు తెలుసు.

అమ్మా గాయని గారూ, ముందు ఆ పెద్ద నవ్వు తీసేయండి. నేను చూసినవాళ్ళలో అలా నవ్వినవాళ్ళు చాలా తక్కువ. జబ్బును బట్టి గొంతు మారుతుంది. కుంగుబాటులో ఉన్న మనిషికి ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య చాలా ఖాళీ. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేలోపు మీరే ఇంకో ప్రశ్న అడిగేస్తారు, అంత ఆలస్యం. గొంతులో ఎత్తుపల్లాలుండవు. ఉన్మాదపు ఉధృతిలో ఉన్న మనిషికి దీనికి పూర్తిగా తిరగబడిన స్థితి. మాట మీద మాట తోసుకొస్తుంది, ఆపలేరు. అర్థాన్ని బట్టి కాదు, శబ్దాన్ని బట్టి ఒక మాటలోంచి ఇంకో మాటకు దూకుతారు. కుండ అంటే బండ, బండ అంటే ఎండ, ఎండ అంటే మండ. వినేవాళ్ళకు ప్రాసలా ఉంటుంది, చెప్పేవాళ్ళకు ఊపిరాడదు. స్కిజోఫ్రీనియాలో కొందరు వాక్యం మధ్యలో ఆగిపోతారు. ఎవరో మాటను నోట్లోంచి లాక్కున్నట్టు. ఒక్కోసారి మనం అన్న మాటనే మనకు తిరిగి అంటారు. ఇందులో పాట లేదా? నాకైతే ఉందనిపిస్తుంది.

పైన రాజుగారి కథ చదివాక ఒకటి వెతికాను. ఆయన 1788లో గంటల తరబడి ఆపకుండా మాట్లాడి గొంతు బొంగురుపోయిందట. అంటే ఆ గాయకుడు పెట్టిన గొంతు ఊహించి పెట్టింది కాదు. ఆ ఆరో పాటలో "నాకు జబ్బు లేదు, కంగారు మాత్రమే" అనే మాటలు ఫానీ బర్నీ అనే ఆమె రాసిపెట్టుకున్నవట, అప్పుడామె రాణి దగ్గర పనిచేసేది. ఈ మాట నేను కడపలో తెలుగులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. "నాకేం కాలేదు సిస్టర్, కొంచెం గాబరా, అంతే."

ఇంకొక మాట. పంజరం గురించి. ఆ రాజునూ కట్టేశారు. విల్లిస్ అనే డాక్టరు ఆయనకు చేతులు కట్టేసే చొక్కా తొడిగించాడు, కుర్చీకి కట్టించాడు. రాజు ఆ కుర్చీని తన పట్టాభిషేక సింహాసనం అన్నాడు. మన దగ్గర 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో 28 మంది మానసిక రోగులు గొలుసులతో ఉండగానే మంటల్లో కాలిపోయారు. ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఎవర్నీ ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదు. అయినా ఇళ్ళల్లో తలుపులు వేసి ఉంచేవాళ్ళు ఉన్నారు. మీ పాత్ర ఎక్కడుంది? పొలంలోనా, గదిలోనా? తలుపు ఎవరు వేశారు? అది ముందు తేల్చుకోండి. గొంతు దాన్నిబట్టి వస్తుంది.

గుత్తిరోడ్డు గాయని | ఆదివారం, రాత్రి 8:55

మీరందరూ రాసింది రెండుసార్లు చదివాను. సిస్టర్ గారూ, మీ మాటకు చేతులెత్తి దండం. తలుపు ఎవరు వేశారని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఒకటి నన్ను కలవరపెడుతోంది. బెంగళూరు తమ్ముడు నాకు విడిగా పంపిన రచనలు అన్నీ విన్నాను. ఆస్ట్రియా స్వరకర్త షోన్‌బెర్గ్ "ఎర్వార్టుంగ్" 1909లో పదిహేడు రోజుల్లో రాశాడట. ఒక ఆడమనిషి రాత్రిపూట అడవిలో ప్రియుణ్ణి వెతుక్కుంటూ పోయి శవాన్ని తొక్కుకుంటుంది. ఒక్క క్షణంలో మనసుకు కలిగే ఉద్వేగాన్ని అరగంటగా సాగదీశానని ఆయనే చెప్పుకున్నాడు. నాకది వెంటనే అర్థమైంది, మన పద్యంలో రాగం చేసే పనీ అదే, ఒక్క మాట మీద కాలాన్ని ఆపడం. డేవిస్‌దే ఇంకొకటి, 1974లో "మిస్ డానిథోర్న్స్ మాగట్". పెళ్ళినాడు వరుడు రాకపోతే ఏళ్ళ తరబడి ఆ పెళ్ళి కేకుతోనే ఉండిపోయిన సిడ్నీ ఆవిడ. ఫ్రెంచి స్వరకర్త పూలాంక్ "లా వ్వా యూమేన్" 1959, వదిలేసిపోతున్న ప్రియుడితో టెలిఫోన్‌లో మాట్లాడే ఆవిడ.

గమనించారా? ఆ ఇంగ్లండ్ రాజు మతి పోవడానికి ప్రియురాలు పోనక్కర్లేదు. ఆడవాళ్ళకు మాత్రం మగవాడు పోతేనే మతి పోతుంది. మన అలంకార శాస్త్రంలోనూ ఉన్మాదం మన్మథావస్థల్లో, అంటే ప్రేమలో పడ్డ మనిషి దశల్లో, ఒకటి. నా పాత్రకు భర్త ఉన్నాడు, మంచివాడు. ఆమె పోగొట్టుకుంది నేలను. ఆడమనిషి నేల కోసం మతి చెడగొట్టుకోవడానికి నాకు ఒక్క స్వరం కూడా దొరకడం లేదు, ఎవరూ పాడిపెట్టలేదు.

అరుపు గురించి కూడా చెప్పాలి. రాయ్ హార్ట్‌లా ప్రయత్నించాను. అప్పటి నుంచి గొంతు రావడం లేదు. ఇవాళ పిల్లలకు సైగలతో పాఠం చెప్పాను.

తాడిపత్రి టు బెంగళూరు | ఆదివారం, రాత్రి 9:30

అక్కా, గురువు లేకుండా అది చేయొద్దు. ఆ బొంగురు గొంతు మామూలు స్వరతంతువుల మీద రుద్దితే వచ్చేది కాదు, వాటిపైన ఇంకో జత మడతలుంటాయి, నేర్చుకున్నవాళ్ళు వాటిని కదిలిస్తారు. తెలియకుండా చేస్తే గొంతు పోతుంది.

ప్రియుడి కథ లేనిది ఒకటుంది, విను. ఇటలీ స్వరకర్త బెరియో "సీక్వెంజా త్రీ", 1965-66లో గాయని క్యాథీ బెర్బేరియన్ గొంతు కోసం రాశాడు. కథే లేదు. చిన్న కవితను ముక్కలు ముక్కలు చేసి, దగ్గు, నవ్వు, గొణుగుడు, అక్షరం సగం, పాట, ఇలా దొర్లిస్తాడు. ఆ కవిత ఒక ఆడమనిషి పాడడానికి కొన్ని మాటలు అడుగుతుంది, రాత్రి పడేలోపు ఇల్లు కట్టుకోవడానికి. ఆ ఇల్లు కట్టుకునేంతసేపు మాటలు నిలవవు. నీ రైతు భార్యకు ఇది దగ్గర.

కాటిసీను అభిమాని | ఆదోని | సోమవారం, ఉదయం 6:40

నిన్న రాత్రి ఆ రాజు పాటలు మళ్ళీ పెట్టుకుని చివరిదాకా విన్నాను. వయొలిన్ విరిచేటప్పుడు కుర్చీలోంచి లేచాను. మా ఇంట్లో వాద్యాన్ని కాలు తగిలినా కళ్ళకు అద్దుకుంటాం. ఆ పని నేను క్షమించలేను. కానీ విరిచిన తర్వాత ఆయన గొంతు విన్నాను. తన పిట్టను తనే చంపుకున్నాడు. అది తనలో ఒక భాగాన్ని చంపుకున్నట్టు ఉంది. ఆ తర్వాతే తన చావు చెప్పగలిగాడు. సంగీతమా కాదా అని నిన్న అడిగాను. ఇవాళ ఆ ప్రశ్న అడగను.

అయినా ఒక మాట మీద నిలబడతాను. గాయనమ్మా, నువ్వు శ్రుతి వదలొద్దు.

శ్రుతిపెట్టె | కర్నూలు | సోమవారం, ఉదయం 10:15

ఏమ్మా, మూడు దినాల నుంచి చదువుతా ఉండాను. హార్మోనియం మీద యాభై ఏండ్లు కూసున్నోణ్ణి, నాటకాల వెంబడి ఊరూరూ తిరిగినోణ్ణి. చెప్పాల్సింది ఒకటుండాది.

మీరంతా గొంతు గురించే మాట్లాడతా ఉండారు. పక్కన హార్మోనియం ఉండాదని ఎవురూ తలుచుకోలే. మా ఆదోనాయన చెప్పినట్టు ఆయమ్మ శ్రుతి వదలకూడదు. పొరపాటున గూడా వదలకూడదు. వదిలేది నేను.

ఎట్లంటే, నీ శ్రుతి ఐదు అనుకో. నువ్వు మొదలుపెడతావు, నేను ఐదులోనే ఉంటా. నువ్వు పాడతా ఉండంగానే నేను ఒక మెట్టు పైకి పోతా. ఐదున్నర. నువ్వు మాత్రం ఐదులోనే పాడు. జనానికి ఏమనిపిస్తాది? నువ్వు తప్పినావని అనిపిస్తాది. నిజానికి తప్పింది నేను. వాన రాకపోవడం, అప్పు, బ్యాంకు నోటీసు, ఇవన్నీ మెట్టు మార్చినాయి. ఆయమ్మ మాత్రం తనకు పెండ్లప్పుడు ఇచ్చిన శ్రుతిలోనే ఉండాది. హార్మోనియం మెట్టు గట్టిది, గొంతు మాదిరి జారదు, మారితే ఒక్కసారిగా మారతాది. ఆ అపశ్రుతి చెవుల్లో గుచ్చుకుంటాది. గుచ్చుకోవాల.

యాభై ఏండ్లలో ఒక్కసారి గూడా కావాలని శ్రుతి మార్చినోణ్ణి కాదు. ఇది చెప్పేదానికే నాకు చేతులు వణుకుతా ఉండాయి. కానీ ఇదే సరైందనిపిస్తాది.

ఆకాశభాషితం | ప్రొద్దుటూరు | సోమవారం, ఉదయం 11:00

అయ్యా, మీకు పాదాభివందనం. మీ హార్మోనియమే పంజరం, మీ చేతులే కాపలావాడు.

రాత్రి డ్యూటీ | కడప | సోమవారం, మధ్యాహ్నం 1:30

పెద్దాయన చెప్పింది చదివి వార్డు గుర్తొచ్చింది. మనం గట్టిగా పిలిచి "ఎందుకమ్మా పలకవు" అంటాం. ఆమెకు అప్పటికే నాలుగు గొంతులు వినిపిస్తున్నాయి. మన గొంతు ఐదోది. ఆమె పలకడం లేదని మనం అనుకుంటాం, ఎవరికి పలకాలో ఆమెకు తెలియదు.

పెన్న ఇసుక | సోమవారం, రాత్రి 10:50

నేను ఎప్పుడూ ఇక్కడ రాయను. చదివి పోతుంటాను. ఇది మాత్రం రాయాలనిపించింది.

మాయమ్మకు ఈ జబ్బు ఉండేది. మాది అనంతపురం దగ్గర పల్లె. మా నాయన అప్పులు చేసి బోర్లు వేయించినాడు, నీళ్ళు పడలేదు. అమ్మ మొదట మాట్లాడడం తగ్గించింది. తర్వాత లెక్కపెట్టేది. సంచి ముందర పెట్టుకుని శెనిక్కాయలు ఒలుస్తా లెక్కపెట్టేది, ఒకటి, రెండు, మూడు. శెనిక్కాయలు లేనప్పుడు గూడా వేళ్ళు ఒలుస్తానే ఉండేవి. పదిహేడు దగ్గర ఆగేది. కాసేపు ఊరకుండి మళ్ళీ ఒకటి నుంచి. పద్దెనిమిది అని ఎప్పుడూ అనలేదు. పదిహేడేందో మాకు ఎవరికీ తెలీదు. అడిగితే చెప్పేది కాదు.

నవ్వలేదు. జుట్టు విరబోసుకోలేదు, రోజూ తనే దువ్వుకునేది. అరిచింది మాత్రం నిజం, ఒకసారి, మేము గదికి బయట గొళ్ళెం పెట్టినప్పుడు. సిస్టర్ గారు అడిగినారే, తలుపు ఎవరు వేశారని. నేనే వేసినా. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, నాయన చెప్పినాడు, వేసినా. తర్వాత ఆస్పత్రికి తీసుకుపోయినాము, మందులతో చాలావరకు బాగుపడింది. చివరి ఆరేళ్ళు వంట చేసింది, నా పెండ్లి చూసింది. లెక్క మాత్రం పోలేదు.

గాయని గారూ, మీరు మీ రూపకం మానుకోవద్దు. కానీ మాయమ్మలాంటివాళ్ళను నవ్వించొద్దు. అంతే.

గుత్తిరోడ్డు గాయని | సోమవారం, రాత్రి 11:30

అన్నా, ఏం చెప్పాలో తెలియడం లేదు. పద్నాలుగేళ్ళ పిల్లవాడి చేత గొళ్ళెం పెట్టించారు. ఆ భారం మీది కాదు.

మీరు ఒప్పుకుంటే ఒకటి అడుగుతాను. ఒప్పుకోకపోతే వదిలేయండి, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. నేను రాసుకున్న సాహిత్యం మొత్తం పక్కన పెట్టేయాలనిపిస్తోంది. నాకు అందులో ఒక్క పంక్తి కూడా ఇప్పుడు నిజంగా తోచడం లేదు. ఆ లెక్క పాడవచ్చా? అమ్మ పేరు గానీ ఊరు గానీ ఎక్కడా రావు. ఒకటి నుంచి పదిహేడు దాకా, ఇరవై ఐదు నిమిషాలూ అదే. కొన్నిసార్లు ఒక అంకెకూ ఇంకో అంకెకూ మధ్య సిస్టర్ గారు చెప్పినంత ఖాళీ. కొన్నిసార్లు అంకెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ. నా వేళ్ళు ఒలుస్తూనే ఉంటాయి. జుట్టు దువ్వుకునే వస్తాను.

ఇంకొక్క ప్రశ్న. పదిహేడు అనేటప్పుడు ఆమె గొంతు ఎలా ఉండేది? కిందికి దిగి ఆగేదా, ఇక లెక్క అయిపోయినట్టు?

కాటిసీను అభిమాని | ఆదోని | మంగళవారం, ఉదయం 6:10

తమ్ముడూ పెన్న ఇసుకా, నువ్వు ఎప్పుడైనా ఆదోని వైపు వస్తే మా ఇంటికి రా. నేను మొదట రాసిన మాటలకు నొచ్చుకోవద్దు.

పెన్న ఇసుక | మంగళవారం, రాత్రి 9:05

పాడండి. ఇంట్లో మా ఆవిడను, చెల్లెల్ని అడిగినాను. వాళ్ళూ పాడమన్నారు.

ఈ రోజంతా గుర్తు చేసుకుంటా ఉన్నాను. పదహారు దాకా ఒకటే తీరు, ఎత్తూ లేదు, పల్లమూ లేదు. పదిహేడు మాత్రం పైకి పోయేది. "పదిహేడూ?" అని. ఎవరినో అడిగినట్టు. అడిగి, తలుపు వైపు చూసేది. కాసేపు చూసి మళ్ళీ ఒకటి మొదలుపెట్టేది. మేము ఎవరమూ ఏమీ అనేవాళ్ళం కాదు. ఏమనాలో తెలీక.

శ్రుతిపెట్టె | కర్నూలు | మంగళవారం, రాత్రి 10:20

అమ్మా, నేను నిన్న చెప్పింది సగమే సరి. మెట్టు మార్చేది ఉండనీ, కానీ చివరిదాకా వద్దు. సారు చెప్పిన కొండ సంగతి నా తలకాయలో తిరుగుతా ఉండాది. చివరి వరసలో నేను మళ్ళా ఐదుకు దిగొస్తా. నువ్వు పదిహేడూ అని పైకి అడుగు. ఏ స్వరం మీద నిలబడితే అదే స్వరం, అంతే ఎత్తున, నేను తిత్తి నిండా గాలి పట్టి నీకు తిరిగిస్తా. ఇంకేం వాయించను.

ఆదివారం పదకొండుకు కర్నూలు రా. బస్సు దిగినాక ఫోన్ చెయ్యి, మా మనవడు బండి తెస్తాడు. రీడ్లు తుడిచి పెట్టుకుంటా.